ఆర్కిటెక్చర్ పీజీ విద్యార్థులకు ట్రావెల్ ఫెలోషిప్: ప్రశ్న దగ్గర్నుంచి రిపోర్టు దాకా

ట్రావెల్ ఫెలోషిప్‌కి, అంటే ఒక అంశాన్ని తిరిగి చూసి పరిశోధించడానికి ఇచ్చే డబ్బుకి, ఎలా అప్లై చేయాలని అడిగే ఎం.ఆర్క్ విద్యార్థుల దగ్గర చాలాసార్లు ఒక ఊళ్ల జాబితా సిద్ధంగా ఉంటుంది. టోక్యో, బార్సిలోనా, కోపెన్‌హాగన్. చూడదగ్గ ఊళ్లే. అయితే సెలక్షన్ కమిటీ ముందుగా వెతికేది ప్రశ్న కోసం. అక్కడికి వెళ్లి నిలబడి, కొలిచి, మాట్లాడితే తప్ప జవాబు దొరకని ప్రశ్న మీ దగ్గర ఉందా? ఉంటే ఊళ్లు వాటంతట అవే తేలతాయి. లేకపోతే ఎంత అందమైన పోర్ట్‌ఫోలియో పెట్టినా అప్లికేషన్ విహారయాత్ర ప్లానులాగే కనిపిస్తుంది.

ఎం.ఆర్క్, ఎం.ప్లాన్ చదువుతున్నవాళ్లకీ, బీ.ఆర్క్ చివరి ఏడాదిలో ఉండి పీజీకి వెళ్లబోతున్నవాళ్లకీ ఈ మార్గదర్శి. విజయవాడ, హైదరాబాద్, విశాఖల్లో చదువుతున్నా, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్నా పనికొస్తుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుని వెళ్దాం: బంగాళాఖాతం తీరంలోని తుపాను షెల్టర్ల మీద ఒక ప్రపోజల్.

1. ఏ ఫెలోషిప్ దేన్ని చూసి ఇస్తుందో తెలుసుకోండి

అన్నిటికీ ఒకే అప్లికేషన్ పంపడం దండగ. ఒక్కో ఫెలోషిప్ ఒక్కో రకంగా ఎంపిక చేస్తుంది.

ప్రపోజల్ చూసి ఇచ్చేవి: బ్రిటన్ ఆర్కిటెక్టుల సంస్థ రీబా ఇచ్చే నార్మన్ ఫోస్టర్ ట్రావెలింగ్ స్కాలర్‌షిప్ ఇందులో బాగా పేరున్నది. నగరాల, పట్టణాల మనుగడకు సంబంధించిన అంశాల మీద ఇస్తారు. విద్యార్థి సొంతంగా పంపడం కుదరదు, కాలేజీ ద్వారానే వెళ్లాలి. కాబట్టి మీ మొదటి పోటీ మీ క్లాస్‌రూమ్‌లోనే ఉంది. మీ కాలేజీకి ఆహ్వానం వస్తుందో లేదో హెచ్‌ఓడీని ముందుగానే అడగండి.

పోర్ట్‌ఫోలియో చూసి ఇచ్చేవి: కేపీఎఫ్ అనే ఆర్కిటెక్చర్ సంస్థ ఇచ్చే ట్రావెలింగ్ ఫెలోషిప్ ఈ కోవలోది. కొన్ని భాగస్వామ్య స్కూళ్ల విద్యార్థులకే ఇస్తారు. అదీ చివరి ఏడాదికి ముందు ఏడాదిలో ఉన్నవాళ్లకి, ఆ వేసవిలో తిరిగి పరిశోధన చేయడానికి.

డిజైన్ పోటీ పెట్టి ఇచ్చేవి: బోస్టన్‌లోని రోచ్ ట్రావెలింగ్ స్కాలర్‌షిప్‌కి రెండు దశల డిజైన్ పోటీ ఉంటుంది. మసాచుసెట్స్‌తో చదువు ద్వారానో ఉద్యోగం ద్వారానో సంబంధం ఉండాలి.

చూసి రాసే శక్తికి ఇచ్చేవి: సొసైటీ ఆఫ్ ఆర్కిటెక్చరల్ హిస్టోరియన్స్ ఇచ్చే హెచ్. అలెన్ బ్రూక్స్ ఫెలోషిప్‌లో మీ థీసిస్ పూర్తి చేసుకోవడానికి డబ్బివ్వరు. తిరగడం, చూడటం, గీయడం, రాయడం, ఇవే పని. పై చదువు ముగించినవాళ్ల కోసం ఇది.

సొంత విద్యార్థులకే ఇచ్చేవి: బర్కిలీలో బ్రానర్ ఫెలోషిప్ లాంటివి. అమెరికాలో అడ్మిషన్ వచ్చినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే డిపార్ట్‌మెంట్ ఆఫీసులో ఈ జాబితా అడిగి తీసుకోవాలి. పోటీపడేది ఒక్క స్కూలు విద్యార్థులే కాబట్టి అవకాశం ఎక్కువ.

ఇండియాలో ఉండి వారసత్వ కట్టడాల మీద పనిచేసేవాళ్లు వాటి పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ హెరిటేజ్ అకాడమీ స్కాలర్‌షిప్‌లు, బ్రిటన్ వెళ్లేందుకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ గ్రాంట్లు చూడండి. హార్వర్డ్ డిజైన్ స్కూలు (జీఎస్‌డీ) ఇచ్చే 1,00,000 డాలర్ల వీల్‌రైట్ ప్రైజ్ విద్యార్థులకు కాదు. డిగ్రీ వచ్చిన 15 ఏళ్లలోపు ఆర్కిటెక్టులకు ఇస్తారు, హార్వర్డ్‌లో చదివి ఉండక్కర్లేదు. దాన్ని దృష్టిలో పెట్టుకుని ఇప్పటినుంచే ఒక అంశం మీద పని పోగేసుకోవడం మంచిదే.

నియమాలు ఏటా మారతాయి. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడకుండా ఈ ఏడాది ప్రకటనే చదవండి. చదువుతూ ఇవి నోట్ చేసుకోండి:

☐ ఇప్పుడు చదువుతున్నవాళ్లకా, పాసైనవాళ్లకా?
☐ పౌరసత్వ నిబంధన ఉందా?
☐ కాలేజీ నామినేషన్ కావాలా? కావాలంటే కాలేజీ లోపలి గడువు ఎప్పుడు?
☐ ఒంటరిగానా, జట్టుగా వెళ్లొచ్చా?
☐ డబ్బు ముందు ఇస్తారా, బిల్లులు పెట్టాక ఇస్తారా?
☐ ప్రయాణం ఏ తేదీలోపు ముగియాలి?
☐ చివర్లో ఏం అప్పగించాలి: రిపోర్టా, ప్రదర్శనా, ఉపన్యాసమా?

2. అంశాన్ని ప్రశ్నగా మార్చండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం తీసుకునేది, తీసుకోవాల్సింది ఇదే.

గతంలో గెలిచిన ప్రపోజళ్ల పేర్లే మంచి పాఠం. నార్మన్ ఫోస్టర్ స్కాలర్‌షిప్‌ను ముంబైలోని రిజ్వీ కాలేజీ విద్యార్థులు రెండుసార్లు గెలిచారు. 2008లో ప్రజా రవాణా నగరాన్ని ఎలా మలుస్తుందన్నది అంశం, 2011లో ఎనిమిది మహానగరాల్లో పారిశుధ్యం. 2012లో గెలిచిన వేరే కాలేజీ విద్యార్థి ఆఫ్రికాలో తూర్పు రేఖాంశం 30 డిగ్రీల వెంట పేదల బస్తీల్లో పాత సామాను మళ్లీ వాడుకునే తీరును ఎంచుకున్నాడు. 2015లో గెలిచింది మహానగరాల్లో సైకిల్ ప్రయాణం. గమనించండి, వీటిలో ఒక్కటీ ఫలానా ఆర్కిటెక్టు భవనాలు చూసొస్తానని చెప్పడం లేదు. ప్రతిదాంట్లో ఒక పదార్థమో, ఒక వ్యవస్థో, ఒక అలవాటో ఉంది. దాని వెంట నడిస్తే దారి దానంతటదే ఏర్పడుతోంది.

ఇప్పుడు మన ఉదాహరణ.

"తీరప్రాంత ఆర్కిటెక్చర్" అన్నది ఒక రంగం. దాని మీద ఎన్నేళ్లైనా తిరగొచ్చు. "తుపాను షెల్టర్లు" అంటే అంశం కాస్త బిగిసింది, ఇంకా ప్రశ్న కాలేదు. "తుపాను లేని రోజుల్లో జనం ఏ షెల్టర్‌ని వాడుకుంటున్నారు, దేనికి తాళం వేసి వదిలేశారు, ఆ తేడాకి కారణం ప్లాన్‌లో కనిపిస్తుందా?" ఇది ప్రశ్న.

ఈ ప్రశ్నకు మూడు తీరాలు సహజంగా దొరుకుతాయి. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ముంచింది. 1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్ ఒడిశాను తాకింది, జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ ఘోరంగా దెబ్బతింది. ఇప్పటి బంగ్లాదేశ్ 1970లోనూ 1991లోనూ లక్షల్లో ప్రాణాలు పోగొట్టుకుంది. మూడు చోట్లా ముప్పు ఒక్కటే, సముద్రం ఒక్కటే. కట్టిన తీరు, నడిపే తీరు మాత్రం వేరు. బంగ్లాదేశ్‌లో చాలా షెల్టర్లు ప్రాథమిక పాఠశాలలు కూడా. పశువుల కోసం కిల్లా అనే ఎత్తైన మట్టి దిబ్బలు విడిగా వేస్తారు. ఒడిశాలో షెల్టర్ బాగోగులు చూడటానికి ఊరి కమిటీలు ఉన్నాయి. ముప్పు ఒకటై జవాబులు వేరైతేనే పోలికకు బలం. ఏదీ కలవని రెండు దేశాలను పక్కపక్కన పెడితే తేడాలు తప్ప ఏమీ తేలదు.

మీ ప్రశ్నను ఈ నాలుగు పరీక్షలకు నిలబెట్టండి:

☐ పుస్తకాలు, ఉపగ్రహ చిత్రాలు, వీడియోలు చూసి జవాబు చెప్పగలమా? చెప్పగలిగితే ప్రయాణం దేనికి?
☐ అక్కడ నేను చేతితో కొలిచేది, గీసేది ఏమిటి? షెల్టర్ విషయంలో: మెట్ల వెడల్పు, ర్యాంప్ వాలు, కింది అంతస్తు ఎత్తు, మరుగుదొడ్డి ఎంత దూరం, ఊరి మధ్య నుంచి ఎన్ని నిమిషాల నడక.
☐ నా అంచనా తప్పని తేలే అవకాశం ఉందా? లేకపోతే నేను అడుగుతున్నది ప్రశ్న కాదు, ముందే రాసుకున్న జవాబు.
☐ ఈ ప్రశ్న నేనే ఎందుకు అడగాలి?

చివరి పరీక్ష దగ్గర మన విద్యార్థులు తమ బలాన్ని తామే తక్కువ చేసుకోవడం చూస్తుంటాను. ఉత్తరాంధ్ర తీరంలో గాలికి ఎదురు నిలిచే చుట్టిల్లు, కోనసీమ మండువా లోగిలి, తెలంగాణ మెట్లబావులు. వీటి గురించి తాపీ మేస్త్రీతో, ఇంటి పెద్దావిడతో అనువాదకుడు లేకుండా మాట్లాడగలగడం మామూలు విషయం కాదు. విదేశీ స్కూల్లో మీ పక్కన కూర్చున్నవాళ్లకి అది లేదు. ఒక కొస మన నేల మీద, రెండో కొస బయట ఉండేలా ప్రశ్న వేస్తే, ఆ అంశంలో మీకున్న పట్టు ఏమిటో వేరే చెప్పుకోనక్కర్లేదు.

3. దగ్గర్లో ఒక్కసారి చేసి చూడండి

అప్లికేషన్ రాయకముందే మీ ప్రశ్నను ఇంటికి దగ్గర్లో ఒక చోట పరీక్షించండి. మన ఉదాహరణలో అవనిగడ్డ, నాగాయలంక ప్రాంతంలో ఒకటి రెండు షెల్టర్లు చాలు. ఒక వారాంతం పని.

దీనివల్ల మూడు సంగతులు తెలుస్తాయి. ఒక భవనం కొలవడానికి నిజంగా ఎంత సమయం పడుతుందో తెలుస్తుంది. తాళం ఎవరి దగ్గర ఉంటుందో, పంచాయతీ దగ్గరా, హెడ్‌మాస్టర్ దగ్గరా అన్నది తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, మీరు అనుకోని ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. షెల్టర్‌కి రాకుండా ఇంట్లోనే ఎందుకు ఉండిపోయారని అడిగితే గేదెలను వదిలి ఎలా వస్తామనొచ్చు, ఆడవాళ్లకి మరుగు లేదనొచ్చు. అలాంటి ఒక్క మాట ప్రపోజల్‌కి ప్రాణం పోస్తుంది.

విదేశంలో ఉండి రాలేనివాళ్లు తాము ఉన్న చోటే అలాంటి భవనం ఒకటి కొలిచి చూడాలి. బీ.ఆర్క్ రోజుల్లో నాసా (ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘం) లూయీ ఖాన్ ట్రోఫీ కోసం డాక్యుమెంటేషన్ చేసినవాళ్లుంటే ఆ అనుభవం ఇక్కడ అక్కరకొస్తుంది. ఆ షీట్లు బయటకు తీయండి.

4. రూటు, కాలం

ముందు లెక్క వేయండి. మూడు తీరాల్లో నాలుగేసి షెల్టర్లు, మొత్తం 12. ఒక్కోదానికి రెండు రోజులు, అంటే 24. ఊళ్ల మధ్య ప్రయాణాలకు 6, వానలకు, తాళాలకు, అనుమతులకు 6, రాసుకోవడానికి, ఒళ్లు అలసినప్పుడు ఆగడానికి 4. మొత్తం 40 రోజులు. ఈ లెక్క ప్రపోజల్లో కనిపిస్తే మీరు ఫీల్డ్ తెలిసిన మనిషని కమిటీకి నమ్మకం కలుగుతుంది. నాలుగు వారాల్లో తొమ్మిది దేశాలు అని రాస్తే సగం రోజులు ఎయిర్‌పోర్టుల్లోనే గడుస్తాయని వాళ్లకి వెంటనే అర్థమవుతుంది.

తర్వాత క్యాలెండర్. ఇక్కడే మంచి ప్రపోజళ్లు కూడా జారిపోతాయి. ఫెలోషిప్ ప్రయాణాలు ఎక్కువగా వేసవిలో ఉంటాయి. షెల్టర్‌ను బడిగా ఎలా వాడుతున్నారో చూడాలంటే మే నెలలో వెళ్లి ఏం లాభం? ఆంధ్రలో బడులు తెరిచేది జూన్ రెండో వారంలో. బంగ్లాదేశ్‌లో విద్యాసంవత్సరం జనవరిలో మొదలవుతుంది, వారాంతపు సెలవు శుక్ర, శనివారాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడి నదీ దీవులకు చేరడమే కష్టం. బంగాళాఖాతంలో తుపాన్ల కాలం రెండు విడతలు, ఏప్రిల్ నుంచి జూన్, అక్టోబరు నుంచి డిసెంబరు.

ఇవన్నీ కలిపి చూస్తే మన ప్రయాణం రెండు ముక్కలవుతుంది. జూన్ చివర్లో దివిసీమ, ఒడిశా. జనవరిలో బంగ్లాదేశ్. ప్రయాణాన్ని రెండు విడతలుగా చేయొచ్చా అని ఫెలోషిప్ ఆఫీసుకి ముందే మెయిల్ పెట్టి జవాబు దాచుకోండి.

ప్రత్యామ్నాయం కూడా రాయండి. దేశాల మధ్య సంబంధాలు చెడితే వీసాలు ఆగిపోతాయి. "బంగ్లాదేశ్ వీలుకాకపోతే ఒడిశాలో కేంద్రపడా జిల్లాను చేర్చుకుని రెండు తీరాల పోలికగా పూర్తిచేస్తాను" అన్న ఒక్క వాక్యం చాలు.

5. ప్రపోజల్ రాయడం

అప్లికేషన్ ఇంగ్లీషులోనే పంపాలి. అయినా మొదటి చిత్తుప్రతి తెలుగులో రాసుకోమంటాను. సస్టైనబిలిటీ, రెసిలియెన్స్ లాంటి పెద్ద మాటల వెనక దాక్కునే వీలు తెలుగులో తక్కువ. అసలు ఏం చేయబోతున్నానన్నది తేటగా చెప్పాల్సి వస్తుంది.

నీరసంగా ఉండే పేరా ఇలా ఉంటుంది:

"వాతావరణ మార్పు నేడు ప్రపంచం ఎదుర్కొంటున్న అతిపెద్ద సవాలు. తీరప్రాంత ప్రజల జీవితాల్లో ఆర్కిటెక్చర్ కీలక పాత్ర పోషిస్తుంది. ఈ ప్రయాణంలో వివిధ దేశాల ఉత్తమ విధానాలను అధ్యయనం చేసి నా దృక్పథాన్ని విస్తరించుకోవాలని ఆశిస్తున్నాను."

దీంట్లో ఒక్క ఊరు లేదు, ఒక్క భవనం లేదు, చేసే పని లేదు. ఈ పేరాను ఎవరి అప్లికేషన్‌లోనైనా అతికించొచ్చు.

అదే విషయం ఇలా రాయొచ్చు:

"ఉప్పెనలు చూసిన మూడు తీరాల్లో, దివిసీమలో, ఒడిశాలోని ఎరసమలో, బంగ్లాదేశ్‌లోని భోలాలో, తుపాను షెల్టర్లు ఏడాదిలో కొన్ని రోజులకే అవసరమవుతాయి. మిగతా రోజుల్లో కొన్ని బడులుగా నడుస్తున్నాయి, కొన్నిటికి తాళాలు పడ్డాయి. ఈ తేడాకి కారణం ప్లాన్‌లో ఉందేమో చూడాలనుకుంటున్నాను. మెట్ల స్థానం, మరుగుదొడ్డి దూరం, కింది అంతస్తు ఎత్తు, ఊరి నుంచి నడక, ఈ నాలుగిటినీ 12 భవనాల్లో కొలుస్తాను. దివిసీమలో రెండు ఇప్పటికే కొలిచాను. తెలుగు నా మాతృభాష, ఒడిశాలో, బంగ్లాదేశ్‌లో స్థానిక ఆర్కిటెక్చర్ విద్యార్థి ఒకరు నాతో ఉంటారు. చివరికి 1:100 డ్రాయింగుల సంపుటి ఒకటి తయారవుతుంది."

500 పదాల్లో రాయమంటే ఈ క్రమం పాటించండి: మొదటి రెండు వాక్యాల్లో ప్రశ్న. ఆ తర్వాత ఈ చోట్లే ఎందుకు. తర్వాత రోజూ ఏం చేస్తారు. తర్వాత ఇప్పటిదాకా ఏం చేశారు. చివర్లో ఏం అప్పగిస్తారు. మీ చిన్ననాటి కలలకు చోటు లేదు.

రాశాక ఆర్కిటెక్చర్ తెలియని ఒకరి చేత చదివించండి. చదివి మూసేశాక "ఏం చేయబోతున్నాను?" అని అడగండి. ఒక్క వాక్యంలో సరిగ్గా చెప్పగలిగితే ప్రపోజల్ పంపొచ్చు.

6. పోర్ట్‌ఫోలియో, సిఫారసు లేఖలు

ఉద్యోగానికి పంపే పోర్ట్‌ఫోలియో ఇక్కడ పనికిరాదు. రెండర్లు (కంప్యూటర్‌లో చేసిన భవనం బొమ్మలు) తగ్గించండి. చూసే కన్ను, కొలిచే చెయ్యి కనిపించాలి: ఫీల్డ్ స్కెచ్‌లు, మెజర్డ్ డ్రాయింగ్స్ (కొలిచి గీసినవి), ఒక చోటును విడమరిచి చూపే మ్యాపులు. ప్రశ్నకు దగ్గరగా ఉన్న ప్రాజెక్టును ముందు పెట్టండి, మార్కులు ఎక్కువ వచ్చినదాన్ని కాదు.

☐ జట్టు పనైతే అందులో మీరు గీసింది ఏదో ప్రతి పేజీలో రాయండి.
☐ పేజీల పరిమితి, ఫైల్ సైజు పరిమితి దాటొద్దు.
☐ పీడీఎఫ్‌ను ఫోన్‌లో తెరిచి చూడండి. అక్షరాలు చదవగలగాలి.
☐ పేరు కనిపించకూడదనే నియమం ఉంటే టైటిల్ బ్లాకుల్లోంచి కూడా తీసేయండి.

సిఫారసు లేఖ కోసం కనీసం ఐదారు వారాల ముందు అడగండి. హోదా పెద్దదని డీన్ దగ్గరికి వెళ్లకండి, మీ పని దగ్గరుండి చూసిన స్టూడియో మేడమ్‌నో గైడ్‌నో అడగండి. ప్రపోజల్ సారాంశం, గడువు, లేఖ ఎక్కడ అప్‌లోడ్ చేయాలి, వారి దగ్గర మీరు చేసిన పనిలో గుర్తుచేయాల్సిన రెండు విషయాలు, ఇవన్నీ ఒకే పేజీలో రాసి ఇవ్వండి. "మేడమ్, గడువు వచ్చే సోమవారం" అని వారం ముందు ఒకసారి గుర్తుచేస్తే ఎవరూ తప్పుపట్టరు.

7. బడ్జెట్

కమిటీ బడ్జెట్‌లో మీ ఆలోచన ఎంత గట్టిదో చూస్తుంది. గుండ్రటి అంకెలు అనుమానం పుట్టిస్తాయి. ప్రతి అంకె పక్కన లెక్క ఎలా వచ్చిందో రాయండి: రోజుకి ఇంత, ఇన్ని రోజులు.

తరచూ మరిచిపోయేవి ఇవి:

☐ వీసా ఫీజు, వీసా కేంద్రం సర్వీసు చార్జీ, ఆ కేంద్రానికి వెళ్లొచ్చే ఖర్చు
☐ ఆరోగ్య, ప్రయాణ బీమా
☐ తోడుండే అనువాదకుడికి రోజువారీ చెల్లింపు
☐ పడవ, ఆటో, అద్దె మోటార్‌సైకిల్. ఊళ్ల మధ్య కన్నా ఊళ్లలో తిరగడానికే ఎక్కువ అవుతుంది
☐ సిమ్ కార్డు, హార్డ్ డిస్క్, ప్రింట్లు
☐ కరెన్సీ మార్పిడిలో పోయేది
☐ అత్యవసరాలకు 10 నుంచి 15 శాతం

ల్యాప్‌టాప్, కెమెరా లాంటివి ఫెలోషిప్ డబ్బుతో కొనడానికి చాలా చోట్ల ఒప్పుకోరు. బిల్లులు పెట్టాక డబ్బు ఇచ్చే పద్ధతైతే, ముందు చేతి నుంచి పెట్టాల్సింది ఎంతో ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. గెలిచాక ఆ కారణంతో వదులుకోవాల్సి వస్తే చాలా బాధ.

అమెరికాలో ఉన్నవాళ్లు పన్ను సంగతి ముందే కనుక్కోవాలి. ట్యూషన్ ఫీజుకి కాక ప్రయాణానికి ఇచ్చే డబ్బు మీద పన్ను పడే అవకాశం ఉంది. విదేశీ విద్యార్థులకు ఎంత పట్టుకుంటారో యూనివర్సిటీ పేరోల్ ఆఫీసు చెబుతుంది. చేతికొచ్చే మొత్తం మీద బడ్జెట్ వేసుకోండి, ప్రకటించిన మొత్తం మీద కాదు.

8. వీసా, అనుమతులు

యూరప్ వెళ్తుంటే షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు. హైదరాబాద్‌లో వేసవి స్లాట్లు త్వరగా నిండిపోతాయి, కాబట్టి ఫలితం వచ్చిన వారంలోనే బుక్ చేయండి. కనీసం 30,000 యూరోల బీమా ఉండాలి. ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. ఫెలోషిప్ ఇచ్చినట్టు సంస్థ లెటర్‌హెడ్ మీద, మొత్తం, తేదీలు ఉన్న లేఖ అడిగి తీసుకోండి. వీసా ఆఫీసులో బ్యాంకు స్టేట్‌మెంట్‌కి తోడుగా అది బాగా పనిచేస్తుంది.

అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లు బయటికి వెళ్లేముందు యూనివర్సిటీ ఇచ్చిన ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం చూసుకోండి. చదువుతుండగా అది 12 నెలలు చెల్లుతుంది, చదువయ్యాక ఓపీటీ అనే పని అనుమతిలో ఉంటే 6 నెలలే. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు కూడా చూడండి. మనుషులను ఇంటర్వ్యూ చేసే పని ఉంటే అమెరికన్ యూనివర్సిటీల్లో ఐఆర్‌బీ అనే కమిటీ అనుమతి కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. చిన్న పనులకు మినహాయింపు దొరకొచ్చు, కానీ ఆ మాట వాళ్ల నుంచి రాతలో రావాలి. తిరిగొచ్చాక అడిగితే సేకరించిన మాటలు వాడుకోలేరు.

ఇండియాలో ఆర్కియలాజికల్ సర్వే రక్షిత కట్టడాల్లో ట్రైపాడ్ పెట్టాలన్నా, పూర్తి కొలతలు తీయాలన్నా సంబంధిత సర్కిల్ ఆఫీసుకి రాయాలి. రాష్ట్ర పురావస్తు శాఖ చేతిలో ఉన్నవాటికి ఆ శాఖకి. కాలేజీ లెటర్‌హెడ్, గుర్తింపు కార్డు కాపీ, తేదీలు, వాడే పరికరాలు, అన్నీ ఒకే లేఖలో పెట్టండి. డ్రోన్ సంగతైతే, మీ ప్రశ్నకు అది తప్పనిసరి కాకపోతే వదిలేయండి. సరిహద్దులు దాటించడం, తీరప్రాంత నియమాలు, స్థానిక పోలీసులు, ఇన్ని చిక్కులకు తగ్గ ఫలితం షెల్టర్ లాంటి భవనంలో రాదు. డాబా మీది నుంచి గీసిన స్కెచ్ చాలు.

9. ఫీల్డ్‌లో

సంచిలో ఉండాల్సినవి: 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, లేజర్ మీటర్, మట్టం చూడటానికి నీళ్ల ట్యూబు, దారానికి కట్టిన గుండు, క్లిప్‌బోర్డు, గ్రాఫ్ పేపర్లు, దిక్సూచి, రెండు రంగుల పెన్నులు. లేజర్ మీటర్ గదుల్లో చక్కగా పనిచేస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో దూరపు చుక్క కనిపించదు. బయటి కొలతలు పొద్దున్నే తీసుకోండి.

భవనం దగ్గర క్రమం ఇలా పెట్టుకోండి.

మొదటి గంట టేపు తీయొద్దు. చుట్టూ తిరిగి, ఎవరు ఎటు నుంచి వస్తున్నారు, ఎక్కడ కూర్చుంటున్నారు చూడండి. తాళం ఉన్న మనిషిని, ఊరి పెద్దను పలకరించి ఎందుకొచ్చారో చెప్పండి. ప్రభుత్వం నుంచి సర్వేకి వచ్చారనుకుంటే ఇళ్ల పట్టాల దగ్గర్నుంచి ఎన్నో ఆశలు పెట్టుకుంటారు. చదువు కోసం వచ్చానని, తన చేతిలో ఏ పథకమూ లేదని స్పష్టంగా చెప్పడం విద్యార్థి బాధ్యత.

తర్వాత స్కేలు లేకుండా ప్లాన్ చేతితో గీయండి. అంకెలు రాసుకునే చోటు ఉండేలా పెద్దగా గీయాలి. ఆ పైన కొలతలు. గోడ పొడవున ఒక చివర టేపు పెట్టి కదపకుండా కిటికీ, తలుపు, స్తంభం అన్నిటికీ ఒకే సున్నా నుంచి రీడింగ్ తీయండి. ముక్కముక్కగా కొలిచి కూడితే ప్రతి ముక్కలోనూ వచ్చే చిన్న తేడా పేరుకుంటుంది. ప్రతి గదికీ ఎదురెదురు మూలల మధ్య డయాగనల్ తప్పనిసరి. గది మూలమట్టంగా ఉందనుకోవడమే డాక్యుమెంటేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు. తిరిగొచ్చి గీస్తే గోడలు కలవవు, అప్పుడు చేసేదేమీ ఉండదు.

సెక్షన్ (భవనాన్ని నిలువుగా కోసి చూపే డ్రాయింగు) మర్చిపోవద్దు. షెల్టర్‌లో కింది అంతస్తు ఎత్తు, మెట్టు ఎత్తు, పిట్టగోడ ఎత్తు, ఇవే కథ చెబుతాయి. ముసలివాళ్లు ఎక్కలేని మెట్టు ప్లాన్‌లో కనిపించదు.

ఫొటోల్లో ముఖాలు పడేముందు అడగండి. పిల్లలైతే టీచర్‌ని, తల్లిదండ్రులను అడగాలి. మాటలు రికార్డు చేసేముందు అనుమతి అడిగి, ఆ అనుమతిని కూడా రికార్డు చేయండి.

రోజూ రాత్రి చేయాల్సినవి:

☐ కొలతల షీట్లు ఫొటో తీయడం
☐ ఫైళ్లకు తేదీ, ఊరు, భవనం సంఖ్యతో పేరు పెట్టడం
☐ ఒక కాపీ హార్డ్ డిస్క్‌లో, ఒకటి క్లౌడ్‌లో
☐ అరపేజీ రాయడం: ఈ రోజు ప్రశ్న ఏ వైపు కదిలింది?
☐ ప్లాన్‌ను కంప్యూటర్‌లో కచ్చాగా గీసి చూడటం. కొలత తప్పితే రేపు ఇంకా ఇక్కడే ఉంటారు
☐ ఖర్చులు, బిల్లులు

ఒంట్లో బాగోలేకపోయినా, తోడు వచ్చే మనిషి రాకపోయినా ఒంటరిగా తెలియని చోట్లకి వెళ్లొద్దు. ముఖ్యంగా అమ్మాయిలు, బస ఎక్కడో, పడవ ఎన్నింటికో ఇంట్లో ఒకరికీ కాలేజీలో ఒకరికీ రోజూ మెసేజ్ పెట్టాలి. ప్రణాళికలో ఆరు రోజులు అదనంగా పెట్టుకున్నది ఇందుకే.

10. ఇంటర్వ్యూ ఉంటే

అడిగేవి ఎక్కువగా ఇవే: ఈ చోట్లే ఎందుకు? డబ్బు సగమే ఇస్తే దేన్ని వదులుతారు? అక్కడ ఎవరు తెలుసు? మీ అంచనా తప్పని తేలితే ఏం చేస్తారు? రెండోదానికి జవాబు ముందే తేల్చుకోండి. దివిసీమ, ఎరసమ ఉంచి భోలాను వదులుతానని కారణంతో చెప్పగలిగితే చాలు. తెలియనిది తెలియదనండి.

11. తిరిగొచ్చాక

రిపోర్టు ఆలస్యమైతే చివరి విడత డబ్బు ఆగుతుంది, వచ్చే ఏడాది మీ కాలేజీ నామినేషన్ మీద కూడా ఆ మచ్చ పడుతుంది. తిరిగొచ్చిన మొదటి రెండు వారాలు వేరే పని పెట్టుకోకండి.

రిపోర్టు రోజువారీ డైరీలా ఉండకూడదు. 12 భవనాలనూ ఒకే స్కేల్లో, ఉత్తరం ఒకే వైపు ఉండేలా పక్కపక్కన పెట్టండి. తేడాలు మాటల కన్నా ముందు కంటికి తెలియాలి. తర్వాత ప్రశ్నకు దొరికిన జవాబు, దొరకని భాగం రాయండి.

డ్రాయింగుల ప్రింట్లు ఆ ఊళ్ల బడులకు, పంచాయతీలకు పంపండి. ఆ ఖర్చు బడ్జెట్‌లోనే రాసుకోండి. చాలా చోట్ల ఆ భవనానికి చేతిలో ప్లానే ఉండదు. రిపేరుకి డబ్బు అడిగేటప్పుడు వాళ్లకి మీ షీటు పనికొస్తుంది.

12. రాకపోతే

అభిప్రాయం చెప్పమని మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి, కొన్ని సంస్థలు చెబుతాయి. జవాబు రాకపోతే మీ గైడ్‌తో కూర్చుని, గెలిచిన ప్రపోజల్‌ని మీదాని పక్కన పెట్టి చదవండి. తేడా ఎక్కువగా పైన చెప్పిన 2వ భాగంలోనో (ప్రశ్న) 4వ భాగంలోనో (రూటు, కాలం) దొరుకుతుంది.

ప్రశ్నను మార్చకండి, పరిధి తగ్గించండి. మూడు తీరాల పనిని దివిసీమకే కుదించి కాలేజీ ఇచ్చే చిన్న గ్రాంటుకి పెట్టండి, థీసిస్‌లో ఒక అధ్యాయం చేసుకోండి. విజయవాడ నుంచి రైలెక్కితే ఒడిశా తీరం ఒక రాత్రి ప్రయాణం. వచ్చే ఏడాది ప్రకటన వచ్చేలోపు అక్కడ కూడా రెండు షెల్టర్లు కొలిచి ఉంటే, ప్రపోజల్లో "కొలుస్తాను" అని ఉన్న వాక్యాల్లో కొన్ని "కొలిచాను" అవుతాయి.